ప్రొస్టేట్ క్యాన్సర్ అని తెలిశాక ఎవరి మాట వినాలి? డాక్టరా, గూగులా, వాట్సాప్ బాబాయా?

మా నాన్నకు 71 ఏళ్లు, రిటైరైన లెక్కల మాస్టారు. రాత్రిపూట నాలుగైదు సార్లు లేస్తున్నారని యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్తే పీఎస్ఏ (ప్రొస్టేట్ గ్రంథి నుంచి రక్తంలోకి వచ్చే ప్రొటీన్‌ను కొలిచే పరీక్ష) 8.6 వచ్చింది, ఆ తర్వాత ఎంఆర్ఐ, ఆ తర్వాత సూదితో చిన్న ముక్కలు తీసి పరీక్షించే బయాప్సీ, చివరికి క్యాన్సర్ అన్నారు. ఎంఆర్ఐ రిపోర్టులో 'పైరాడ్స్ 4' అని ఉంటే మా బావ అది చూసి నాలుగో స్టేజ్ అని అక్కకు ఫోన్లో చెప్పేశాడు. అక్క ఏడుస్తూ పెద్దమ్మకు చెప్పింది, సాయంత్రానికల్లా తెనాలి నుంచి చుట్టాలు దిగిపోయారు. పైరాడ్స్ అంటే స్కాన్‌లో కనపడిన మచ్చ ముఖ్యమైన క్యాన్సర్ అయ్యే అవకాశం ఎంత అని రేడియాలజిస్ట్ 1 నుంచి 5 దాకా వేసే మార్కు, అంతే, స్టేజ్‌కీ దానికీ సంబంధం లేదు. ఈ ముక్క మాకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది, ఆ రెండు రోజులూ ఇంట్లో సరిగ్గా అన్నం తిన్నది నాన్న ఒక్కరే.

ఆ తర్వాత దాదాపు మూడు నెలలు నేను చదవనిది లేదు, అడగని మనిషి లేడు. నేను డాక్టర్ని కాను, కాబట్టి ఏ ట్రీట్‌మెంట్ మంచిదో చెప్పను. సమాచారం కోసం ఎక్కడికి వెళ్తే ఏం దొరుకుతుంది, ఏం దొరకదు, దేనికి ఎంత టైం ఇవ్వొచ్చు అన్నదే రాస్తున్నా. నాన్న నాకు ఇచ్చిన కొలబద్ద ఒకటుంది, నేను ఏ వీడియో చూపించినా, ఏ వ్యాసం చదివి వినిపించినా ఆయన ఒకటే అడిగేవారు: "ఎవర్ని లెక్కపెట్టార్రా? నూటికి ఎంతమంది? ఎన్నేళ్లకి?" ఈ మూడింటికీ జవాబు లేకపోతే పక్కన పెట్టేయమనేవారు. మొదట్లో విసుగొచ్చింది కానీ ఇంతకంటే మంచి జల్లెడ నాకు దొరకలేదు.

గూగుల్ కంటే ముందు మీ ఫైల్

ఫైల్ చదవకుండా గూగుల్ చేస్తే ఎవరి జబ్బు గురించో చదువుతారు. ప్రొస్టేట్ క్యాన్సర్ అనే ఒకే పేరు కింద, ఏళ్ల తరబడి గమనిస్తూ ఊరుకోదగినదీ ఉంది, ఎముకలకు పాకినదీ ఉంది. ఒక దాని గురించి రాసినది రెండోదానికి పనికిరాదు.

ఒక తెల్ల కాగితం మీద ఇవి రాసుకోండి: బయాప్సీకి ముందు పీఎస్ఏ ఎంత, గ్లీసన్ స్కోర్ (కణాలు ఎంత మొండిగా కనపడుతున్నాయో చెప్పే అంకె) ఎంత, గ్రేడ్ గ్రూప్ (అదే సంగతి 1 నుంచి 5 దాకా) ఎంత, తీసిన ముక్కల్లో ఎన్నింట్లో క్యాన్సర్ ఉంది, స్టేజ్ ఏమిటి, స్కాన్లలో గ్రంథి దాటి ఎక్కడైనా కనపడిందా. గ్లీసన్ రాసేటప్పుడు మొత్తం ఒక్కటే కాకుండా రెండు అంకెలూ రాయండి, ఎందుకంటే 3+4 కూడా 7, 4+3 కూడా 7, కానీ మొదటిది గ్రేడ్ గ్రూప్ 2, రెండోది గ్రూప్ 3, రెండోది కాస్త మొండిది. 7 అంటే పదికి ఏడు, అంటే డెబ్బై శాతం పాకేసిందని మా ఇంట్లో ఇంకో సిద్ధాంతం కూడా నడిచింది. బయాప్సీలో క్యాన్సర్ అని రాస్తే ఈ రోజుల్లో ఆ స్కోర్ మామూలుగా 6 నుంచే మొదలవుతుంది, కాబట్టి 6 అంటే సగం దాటినట్టు కాదు, అట్టడుగు మెట్టు.

ఇంకొకటి, మనవాళ్లు చాలామంది ప్రొస్టేట్ పెరిగిందని ఏళ్లుగా మాత్రలు వేసుకుంటూ ఉంటారు. వాటిలో ఫినాస్టెరైడ్ గానీ డ్యూటాస్టెరైడ్ గానీ ఉంటే, కొన్ని నెలలు వాడాక పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది. రిపోర్టులో 4 అని ఉన్నా అసలు అంకె 8 దగ్గర ఉండొచ్చన్నమాట. మాత్రల స్ట్రిప్ కూడా ఫైల్లో పెట్టుకుని డాక్టర్‌కు చూపించండి.

డాక్టర్లు: ఒకరా, ఇద్దరా

మీ కేసు గురించి, మీ ఒంటి గురించి చెప్పగలిగేది డాక్టరే, అందులో అనుమానం లేదు. చిక్కల్లా ఏ డాక్టర్ అన్నది. ప్రొస్టేట్ విషయంలో మొదట చూసేది యూరాలజిస్ట్, ఆయన ఆపరేషన్ చేసే మనిషి. 2000లో అమెరికాలో ఒక సర్వే జరిగింది. క్యాన్సర్ గ్రంథి దాటని, ఇంకా పదేళ్లకు పైగా బతికే అవకాశం ఉన్న మగవాళ్లకు ఏది మంచిదని అడిగితే యూరాలజిస్టుల్లో 93 శాతం ఆపరేషన్ అన్నారు, రేడియేషన్ డాక్టర్లలో 72 శాతం మంది రెండూ సమానమే అన్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరికి చేతనైన పని మీద వాళ్లకు నమ్మకం, మంగలి షాపుకెళ్లి గడ్డం చేయించుకోవాలా అని అడిగినట్టే ఇది.

అందుకే గ్రంథి దాటని క్యాన్సర్ అయితే యూరాలజిస్ట్‌నీ రేడియేషన్ ఆంకాలజిస్ట్‌నీ ఇద్దరినీ కలవండి, వేరే ఆసుపత్రిలోనైనా సరే. ఎముకలకు, వేరే చోట్లకు పాకితే మందులతో చికిత్స చేసే మెడికల్ ఆంకాలజిస్ట్ కావాలి. పెద్ద ఆసుపత్రుల్లో వీళ్లంతా కూర్చుని కేసు చూసే ట్యూమర్ బోర్డ్ అని ఉంటుంది, 'మా నాన్నగారి కేసు బోర్డులో పెట్టారా సార్' అని మర్యాదగా అడిగితే ఎవరూ కొట్టరు. మేం మొదట వెళ్లిన చోట అయిదు నిమిషాల్లో ఆపరేషన్ తేదీ రాసిచ్చారు, రేడియేషన్ సంగతేమిటని అడిగితే "అది ముసలివాళ్లకండీ" అన్నారు. నాన్నకు 71, ఇంక ముసలితనం ఎప్పుడొస్తుందో ఆ డాక్టరే చెప్పాలి.

రెండో అభిప్రాయానికి రెండు దారులు. మనిషిని తీసుకుని వెళ్లడం ఒకటి. ముంబై టాటా మెమోరియల్ అందరికీ తెలిసిందే, దాని కుటుంబానికే చెందిన హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి విశాఖ దగ్గర అగనంపూడిలో ఉంది, హైదరాబాద్‌లో ప్రభుత్వానిదే ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, నిమ్స్ ఉంది. రెండోది ఆన్‌లైన్, టాటా మెమోరియల్‌తోనూ దేశంలోని క్యాన్సర్ ఆసుపత్రుల కూటమి అయిన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌తోనూ కలిసి పనిచేసే నవ్య అనే సేవలో రిపోర్టులు అప్‌లోడ్ చేస్తే రాతపూర్వకంగా అభిప్రాయం వస్తుంది. ఆన్‌లైన్లో వాళ్లు కాగితాలు మాత్రమే చూస్తారు, పేషెంట్‌ని పరీక్ష చేయరు. 'నాకు చెప్పిన ట్రీట్‌మెంట్ దారిలోనే ఉందా' అన్న ప్రశ్నకు అది చాలు, ప్రయాణం చేయలేని పెద్దవాళ్లకైతే మరీ మంచిది. ఆపరేషన్ చేయవచ్చా, గుండె తట్టుకుంటుందా లాంటివి తేలాలంటే మనిషి వెళ్లాల్సిందే.

ఏ దారిలో వెళ్లినా రిపోర్ట్ జిరాక్సులు సరిపోవు. బయాప్సీ చేసిన ల్యాబ్ నుంచి స్లైడ్లు, బ్లాకులు (తీసిన ముక్కలను మైనంలో దాచినవి) అడిగి తీసుకుని, ప్రొస్టేట్ స్లైడ్లు ఎక్కువగా చూసే పెద్ద సెంటర్లో ఇంకోసారి చూపించండి. 3+3నా 3+4నా అన్నది పెథాలజిస్ట్ కన్ను మీద ఆధారపడుతుంది, ఒక మెట్టు అటూ ఇటూ అయితే ట్రీట్‌మెంటే మారిపోవచ్చు. నన్నడిగితే మొత్తం వెతుకులాటలో డబ్బుకు తగ్గ ఫలితం దీనికే ఎక్కువ.

చదువుకోవాలంటే ఏది

తెలుగులో నమ్మి చదవదగ్గది దొరకడం కష్టంగానే ఉంది, చేదుగా ఉన్నా ఒప్పుకోవాలి. ఇంట్లో ఇంగ్లిష్ చదవగలిగే వాళ్లు ఎవరో ఒకరు చదివి పెద్దాయనకు చెప్పాలి. ఆ పని నాకు పడింది.

అమెరికాలోని పెద్ద క్యాన్సర్ సెంటర్లు కలిసి నడిపే ఎన్‌సీసీఎన్ అనే సంస్థ, డాక్టర్ల కోసం రాసే మార్గదర్శకాలనే పేషెంట్ల కోసం బొమ్మలతో, సులభంగా రాసి ఉచితంగా ఇస్తుంది. ప్రొస్టేట్‌కు రెండు పుస్తకాలున్నాయి, తొలి దశకు ఒకటి, ముదిరిన దశకు ఒకటి. మీ కాగితం చూసుకుని మీకు సంబంధించినదే దించుకోండి. మా బావ రెండోది చదివి మళ్లీ ఒక రాత్రి నిద్ర పాడుచేసుకున్నాడు. మీ రిస్క్ గుంపుకు ఏయే దారులున్నాయో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచిది నాకు కనపడలేదు. కాకపోతే అది అమెరికా పుస్తకం, ఖర్చు మాట మనకు పనికొచ్చేలా ఉండదు.

అమెరికా ప్రభుత్వానిదే నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఒకే విషయాన్ని పేషెంట్లకు ఒక రకంగా, డాక్టర్లకు ఇంకో రకంగా రెండు సార్లు రాస్తారు, ఎప్పుడు సవరించారో తేదీ కూడా వేస్తారు. కాస్త చప్పగా ఉంటుంది, కానీ అమ్మకం వాసన లేదు. బ్రిటన్‌లోని ప్రొస్టేట్ క్యాన్సర్ యూకే అనే సంస్థ రాతలు ఇంకో రకం. మూత్రం లీకవడం, పడక సంబంధం, హార్మోన్ ఇంజెక్షన్ల వల్ల వచ్చే వేడి ఆవిర్లు, నీరసం, అంటే మన ఇళ్లలో నోరు విప్పి అడగనివన్నీ అక్కడ నిర్మొహమాటంగా ఉంటాయి. ఏ దారి ఎంచుకోవాలో ఎన్‌సీసీఎన్‌లో చూడండి, ఎంచుకున్నాక ఎలా బతకాలో వీళ్ల దగ్గర చూడండి. 2012లో మొదలైన మన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ కూడా మార్గదర్శకాలు పెట్టింది, మన వసతులను దృష్టిలో పెట్టుకుని రాసినవి, కానీ డాక్టర్ల భాషలో ఉంటాయి. డాక్టర్ రాసిచ్చినది వాటితో పోల్చి చూసుకోవడానికి పనికొస్తాయి, మొదటిసారి చదివేవాళ్లకు కాదు.

డాలస్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు రోజుకో లింకు పంపేవాడు. ఒకదాంట్లో అయిదేళ్ల తర్వాత కూడా 99 శాతం పైగా బతికే ఉంటున్నారని ఉంది. నాన్న యథాప్రకారం "ఎవర్ని లెక్కపెట్టార్రా" అన్నారు. తిప్పి చూస్తే అది గ్రంథిలోనే, లేదా దాని చుట్టుపక్కలే ఉన్నప్పుడు కనిపెట్టిన కేసుల అంకె. దూరంగా పాకినవాళ్ల లెక్క దానికి చాలా దూరంలో, వందకు ముప్పైల్లో ఉంటుంది. పైగా అక్కడ ఏ బాధా లేకుండానే పీఎస్ఏ చేయించుకుని బయటపడేవాళ్లు ఎక్కువ, మన దగ్గర నడుం నొప్పి వచ్చాకో మూత్రం ఆగిపోయాకో వెళ్లేవాళ్లు ఎక్కువ. లింకు అబద్ధం కాదు, మనది కాకపోవచ్చు, అంతే.

నాన్న జల్లెడలో నిలిచినది ప్రొటెక్ట్ అనే బ్రిటన్ అధ్యయనం. 50 నుంచి 69 ఏళ్ల మధ్య, పీఎస్ఏ పరీక్షలో బయటపడ్డ, గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 1,643 మందిని ఆపరేషన్, రేడియేషన్, గమనిస్తూ ఉండటం అని మూడు గుంపులుగా చీటీ వేసినట్టు విడదీశారు. 15 ఏళ్ల తర్వాత, 2023లో ఫలితం బయటపెట్టారు. మూడు గుంపుల్లోనూ కలిపి ఈ క్యాన్సర్‌తో చనిపోయింది నూటికి 3 మంది లోపే, గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే గమనిస్తూ ఉన్నవాళ్లలో దూరంగా పాకినది నూటికి 9 మందికి పైగా, మిగతా రెండింట్లో 5 మంది దగ్గర. ఇక ఏడు నుంచి పన్నెండేళ్ల మధ్య మూత్రం లీకై ప్యాడ్ వాడాల్సి వచ్చింది ఆపరేషన్ గుంపులో 18 నుంచి 24 శాతం, రేడియేషన్‌లో 3 నుంచి 8. అలాగని రేడియేషన్ ఊరికే వదల్లేదు, పన్నెండో ఏడుకి మలం లీకయ్యే సమస్య అందులో 12 శాతం, మిగతా వాటిలో 6. నాన్న ఈ పేజీ నా చేతిలోంచి లాక్కుని కళ్లజోడు పెట్టుకుని తనే చదివారు. తన వయసు వాళ్లు అందులో లేరు కదా, దాన్ని డాక్టర్ని అడగాలి అన్నారు, నాకా ఆలోచనే రాలేదు.

కేంబ్రిడ్జ్‌లో తయారైన ప్రెడిక్ట్ ప్రొస్టేట్ అని ఒక ఉచిత లెక్కల పేజీ ఉంది, వయసు, పీఎస్ఏ, గ్రేడ్ గ్రూప్ వేస్తే మీలాంటి వందమందిలో ఎంతమంది ఎన్నేళ్లకు అని చూపిస్తుంది. పాకని క్యాన్సర్‌కే పనికొస్తుంది. అది కూడా బ్రిటన్ లెక్కే కాబట్టి డాక్టర్ ఎదుట పెట్టి మాట్లాడండి, ఒంటరిగా అర్ధరాత్రి మాత్రం నొక్కకండి, నేను నొక్కాను.

యూట్యూబ్

వీలైనంత తక్కువ. న్యూయార్క్ పరిశోధకులు ప్రొస్టేట్ క్యాన్సర్ అని కొడితే వచ్చే మొదటి 150 వీడియోలు చూసి 2019లో రాశారు: 77 శాతం వీడియోల్లో, వీడియోలో గానీ కింద కామెంట్లలో గానీ, తప్పుదారి పట్టించేదో ఒక వైపు మొగ్గేదో ఉంది, పైగా నాణ్యత ఎంత తక్కువైతే జనాదరణ అంత ఎక్కువ. అవి ఇంగ్లిష్ వీడియోలు. మన తెలుగు థంబ్‌నెయిల్స్ మీద ఎవరైనా లెక్క తీస్తే ఎంత వస్తుందో ఊహించుకోండి. ఎంఆర్ఐ ఎలా తీస్తారు, బయాప్సీ ఎలా ఉంటుంది లాంటి 'ఎలా' ప్రశ్నలకు చూడండి, 'ఏది మంచిది' అన్నదానికి వద్దు.

ఆసుపత్రుల సొంత వీడియోలు వేరే సంగతి, అవి ప్రకటనలు. రోబో పెట్టి చేస్తే లీక్ సమస్యే ఉండదన్నట్టు చెబుతారు. రోబో ఆపరేషన్‌నీ మామూలు కోత ఆపరేషన్‌నీ ఆస్ట్రేలియాలో పక్కపక్కన పోల్చి చూస్తే పన్నెండు వారాలకీ, రెండేళ్లకీ కూడా మూత్రం విషయంలోనూ పడక విషయంలోనూ తేడా తేలలేదు. రోబోతో రక్తం తక్కువ పోతుంది, అది నిజమే. అడగాల్సింది యంత్రం గురించి కాదు, ఆ డాక్టర్ ఏడాదికి ఎన్ని చేస్తారు, వాళ్ల పేషెంట్లలో ఏడాది తర్వాత ప్యాడ్ వాడేవాళ్లు ఎంతమంది అని.

వాట్సాప్ బాబాయ్, ఆకులు, పొడులు

ప్రతి ఇంట్లో ఒక బాబాయ్ ఉంటాడు, మా బాబాయ్ మంచివాడు, నాన్నంటే ప్రాణం, అందుకే నలభై రోజుల్లో గడ్డ కరిగించే పొడి అడ్రస్ సంపాదించి తీసుకొచ్చాడు. గొడవ పెట్టుకోలేదు, రెండు సంగతులు చెప్పాను. క్యాన్సర్ నయం చేస్తామని మందుకు ప్రకటన ఇవ్వడమే మన దేశంలో 1954 నాటి చట్టం ప్రకారం నేరం, కాబట్టి ఆ పాంప్లెట్ అచ్చువేసినప్పుడే తప్పు జరిగింది. రెండోది అమెరికాలో పీసీ-స్పెస్ అని ఎనిమిది మూలికల మందు కథ. ప్రొస్టేట్ క్యాన్సర్ వాళ్లు ఎగబడి కొన్నారు, పీఎస్ఏ నిజంగానే తగ్గింది కూడా, తీరా పరీక్షిస్తే అందులో కృత్రిమ ఈస్ట్రోజెన్, రక్తం పలచబడే వార్ఫరిన్ బయటపడి 2002లో మార్కెట్ నుంచి తీసేశారు. పీఎస్ఏ తగ్గింది కాబట్టి పనిచేసిందనే మాటకు నాకు దొరికిన మంచి జవాబు ఇదే.

విటమిన్లు కదా ఏమవుతుంది అనేవాళ్లకు సెలెక్ట్ అనే పరీక్ష ఉంది. ఈ క్యాన్సర్ రాకుండా ఆపుతుందేమోనని 35 వేల మందికి పైగా మగవాళ్ల మీద విటమిన్ ఇ, సెలీనియం పరీక్షిస్తే, 2011 లెక్కల్లో విటమిన్ ఇ ఒక్కటే వేసుకున్నవాళ్లకు క్యాన్సర్ రావడం 17 శాతం పెరిగింది. నాన్న ఏదైనా వేసుకుంటానంటే న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ ఆసుపత్రి వాళ్ల మూలికల జాబితాలో చూస్తాను, పసుపు దగ్గర్నుంచి అశ్వగంధ దాకా ఉన్నాయి, ఏ మందుతో పడదో కూడా రాస్తారు.

చాట్‌బాట్‌లు, తోటి పేషెంట్లు, ఆరోగ్యమిత్ర

చాట్‌బాట్‌తో నాకు సగం సగం. బయాప్సీ రిపోర్టులో ఉన్న పెరిన్యూరల్ ఇన్వేషన్ (నరాల చుట్టూ క్యాన్సర్ కణాలు చేరడం) అంటే ఏమిటో తెలుగులో చక్కగా చెప్పింది, డాక్టర్‌ని అడగాల్సిన ప్రశ్నలు పది రాసిపెట్టమంటే నేను మర్చిపోయినవి మూడు గుర్తుచేసింది. ఆధారాలు అడిగితే మాత్రం ఒక పేపర్ పేరు చెప్పింది, వెతికితే అలాంటి పేపరే లేదు. మాటలకు అర్థం అడగండి, ప్రశ్నలు రాయించుకోండి, నిర్ణయం అడగకండి. రిపోర్ట్ అప్‌లోడ్ చేసే ముందు పేరు, ఆసుపత్రి నంబర్ చెరిపేయండి. కుటుంబ గ్రూపుల్లో పెట్టేటప్పుడు కూడా.

అదే ట్రీట్‌మెంట్ అయిపోయిన పెద్దాయన ఎవరైనా దొరికితే ఒక గంట కూర్చోండి. మూత్రం గొట్టంతో (క్యాథెటర్) ఎలా పడుకోవాలి, రేడియేషన్‌కు వెళ్లే ముందు నీళ్లు ఎప్పుడు తాగాలి లాంటివి వాళ్లే చెప్పగలరు. ఆయనకు పనిచేసింది కాబట్టి మీకూ అదే చేయించుకోమంటే నమస్కారం పెట్టి వచ్చేయండి, ఆయన గ్లీసన్ వేరు.

డబ్బు విషయంలో ఇంటర్నెట్ దండగ. ఆరోగ్యశ్రీలో, ఎన్టీఆర్ వైద్య సేవలో ఏ ట్రీట్‌మెంట్‌కు ఎంత వస్తుందో ఆసుపత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రనే అడగాలి. పాకిన క్యాన్సర్ అయితే మగ హార్మోన్‌ను తగ్గించే ఇంజెక్షన్లు ఏళ్ల తరబడి ఉంటాయి, వాటి బదులు వృషణాలు తీసే చిన్న ఆపరేషన్‌తోనూ అదే పని జరుగుతుంది, అమెరికా రాతల్లో ఇది ఒక వాక్యంలో వెళ్లిపోతుంది, మన దగ్గర చాలా ఇళ్లలో అసలు నిర్ణయం ఇదే. ఆ హార్మోన్‌నే ఇంకా అణిచే అబిరాటెరోన్ లాంటి మాత్రల ధర కంపెనీని బట్టి బాగా మారుతుంది, రెండు మూడు చోట్ల కనుక్కోండి.

ఒక్క సందర్భంలో మాత్రం ఏమీ వెతకొద్దు. క్యాన్సర్ ఎముకలకు పాకిందని తెలిసిన మనిషికి ఉన్నట్టుండి కాళ్లలో బలం తగ్గినా, తిమ్మిరెక్కినా, కొత్తగా మూత్రం లేదా మలం ఆగకపోయినా, అసలు రాకపోయినా, వెన్నుపాము మీద ఒత్తిడి పడుతుండొచ్చు, అది గంటల వ్యవహారం, ఫోన్ జేబులో పెట్టి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. మిగతా సందర్భాల్లో, ముఖ్యంగా గ్రంథి దాటని క్యాన్సర్‌లో, మామూలుగా కొన్ని వారాలు ఆలోచించుకునే టైం ఉంటుంది, ఎంత ఉందో డాక్టర్‌నే అడగండి.

చుట్టాలంతా నాన్నకు చెప్పొద్దనే అన్నారు, "పెద్దాయన తట్టుకోలేడ్రా" అని. నాలుగు రోజులు నేనూ అదే నమ్మి ఫైల్ బీరువాలో పెట్టాను. అయిదో రోజు ఆయనే తీసి, పెన్సిల్‌తో మార్జిన్లో ప్రశ్నలు రాయడం మొదలుపెట్టి, తర్వాత దాన్ని రేడియేషన్ డాక్టర్ ముందు పెట్టారు. ప్రొటెక్ట్ పేజీ కూడా మడత విప్పి పెట్టి, "ఇందులో 69 దాటినవాళ్లు లేరండీ, నా వయసు వాళ్లకు నూటికి ఎంత?" అన్నారు. ఆవిడ ఒక్క క్షణం నాన్న వైపు చూసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక్కి తిప్పి లెక్క మొదలుపెట్టారు.